సవర పలుకుల కోశకారుడు – గిడుగు రామమూర్తి పంతులుగారు

ప్రతి సంవత్సరము క్రొత్త విద్యార్థులు చేరిన మొదటి వారములో మేము తెలుగు తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టుట కలదు. నల్లబల్ల మీద రైస్ అను ఇంగ్లీషు మాటను వ్రాసి దీనికి తెలుగేమి అని అడుగుదుము. ముందు బల్లవారు అన్నమందురు. వెనుక బల్లవారు బియ్యమందురు. పల్లెలనుండి వచ్చిన పిల్లలు, చేనులో నిలిచియున్నది కూడ ఇంగ్లీషువానికి రైసే గదా అని వరి, వడ్లు అను మాటలను ముందుకు తెత్తురు. ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారు ధాన్ వేరు, చావల్ వేరు అని వాదించి, ఒట్టిగా వండి వార్చినదానికి తమ ఇండ్లలో ఖుష్కా అను పేరు కూడ కలదని గర్వముగా చెప్పుదురు. ఒక్క మాటకు ఇన్ని జవాబులు వచ్చి అన్నియు సరియైనవే యగుటతో తరగతిలో నవ్వులు పుట్టును.

ఈ నవ్వుల వెనుక ఒక పెద్ద చిక్కు కలదు. తెలుగునకు గాని ఉర్దూకు గాని నిఘంటువులున్నవి, కావ్యములున్నవి, తగవు తీర్చుటకు పెద్దలున్నారు. ఒక్క పుస్తకమైనను, ఒక్క అక్షరమైనను లేని భాషలోనికి ఇంగ్లీషు మాటలను తెచ్చి కోశము కూర్చవలసివచ్చిన మనుష్యుడు ఏమి చేయవలెను? వడ్లకు, బియ్యమునకు, అన్నమునకు సవర భాషలోను వేర్వేరు మాటలే కలవు. కనుక రైస్ అని వ్రాసి ఎదుట గీత గీసినంతమాత్రమున పని కాదు. ఏ రైసు అని ముందుగా అడుగవలెను. అడుగవలెనన్న ఆ జనుల నడుమకు పోవలెను. అట్లు పోయి, అడిగి, విని, తన వినికిడినే పోగొట్టుకొన్న మహనీయుడు మన ప్రాంతమువాడే. ఆగస్టు 29 వ తేదీన తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనునప్పుడు మనము దండ వేయు పటములోని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారే ఆయన. ఆ దినమున వ్యావహారిక భాషోద్యమమును గురించి ఉపన్యాసములు దండిగా వినబడును. సవర భాషను గురించి ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టుదురు. మా అభిప్రాయములో ఆ రెండు వాక్యములే ఆయన జీవితమునకు మూలము.

పంతులుగారు 1863 ఆగస్టు 29 న శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున వంశధార తీరమందలి పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారికి చోడవరము బదిలీ అయినది. అక్కడనే 1875 లో వారు కాలధర్మము చెందిరి. పండ్రెండేండ్ల బాలుడు విజయనగరములో బంధువుల యింట చేరి మహారాజావారి పాఠశాలలో చదివినాడు. గురజాడ అప్పారావుగారు ఆ రోజులలోనే సహాధ్యాయి. 1879 లో మెట్రిక్యులేషను ముగిసినది. మరుసటి యేడు ముప్పది రూపాయల జీతము మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఫస్టు ఫారము పిల్లలకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడుగా చేరినారు. పై చదువులన్నియు ఉద్యోగము చేసికొనుచు ప్రైవేటుగా చదివినవే. ముఖలింగ దేవాలయములలోని శాసనములను చదువుటకు కూడ గురువు లేకయే, రాళ్ళ ముందు కూర్చుండి తమంతట తాము నేర్చినారు.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలమీద సవరలు. సంతనాడు అటవీ సరుకులను కావిళ్ళలోను తట్టలలోను పెట్టుకొని పల్లమునకు దిగుదురు. వర్తకుడు తన భాషలో ధర చెప్పును, అధికారి తన భాషలో ఆజ్ఞ చెప్పును, నడుమనున్నవాడు ఇరువురికిని తన కనుకూలమైనది చెప్పును. తన మాట ఎదుటివానికి తెలియకపోవుటచేత నష్టపోవువాడు ఎల్లప్పుడును కొండ దిగివచ్చినవాడే. ఇది వింత జాతి యని, వారిది భాషయే కాదని అనుకొను పల్లపువారికి లోటు లేకుండెను. అయినను ఐతరేయ బ్రాహ్మణములో ఆంధ్రుల పేరు మొట్టమొదట కనబడు చోటనే శబరుల పేరును కనబడుచున్నది. పేర్లు ప్రక్క ప్రక్కనే యుండియు, మూడువేల సంవత్సరములకు దగ్గరగా ప్రక్కవాని మాటను నేర్చుకొనవలెనన్న తలంపు చదువుకొన్నవారికి కలుగలేదన్న మాట.

ముప్పది రూపాయల బడిపంతులుకు ఆ తలంపు కలిగినది. సవరల పిల్లలకు చదువు చెప్పవలెనని ఆయన కోరిక. ఏ భాషలో చెప్పవలెనను ప్రశ్నకు ఆయన జవాబు ఒక్కటే, వారి భాషలోనే. అందుకు ముందుగా తాను విద్యార్థి కావలసియుండెను. తెలుగును సవరయు రెండును తెలిసిన యొకనిని తమ యింటనే ఉంచుకొని మాట వెంట మాట నేర్వసాగినారు. పంక్తి భేదములు గట్టిగా పాటించు ఆ కాలములో ఒక బ్రాహ్మణ గృహమున ఇది చిన్న సంగతి కాదు.

నేర్వబూనగానే మొదటి అడ్డంకి చెవికి తగిలినది. సవర మాటలు కొన్నింటిలో గొంతు చటుక్కున మూతపడి తెరచుకొనును. చేతిని వారు సిఇ యందురు. కాని మనము వ్రాసినట్లు సి తరువాత ఇ సాగదు. రెండింటి నడుమ ఊపిరి తెగును. ఆ తెగుటను చూపు అక్షరము తెలుగు వర్ణమాలలో లేదు, ఇంగ్లీషులోను లేదు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు దీనిని వివరించుట సులభము. ఖురాను పఠనము నేర్పునప్పుడు హమ్జాను గొంతుతో తెంపి పలుకుమని ఉస్తాదులు చిన్ననాట మనకు చెప్పలేదా? ఆ హమ్జాయే ఇది. ఇటువంటి ధ్వనులను వేరువేరుగా గుర్తించి, ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు ఏర్పరచుకొనుటకే ఆయనకు సంవత్సరములు పట్టినవి. భాషాశాస్త్రమన్న పేరు మన దేశములో అప్పుడప్పుడే వినబడుచున్నది. ఆ శాస్త్ర గ్రంథములను తెప్పించుకొని, చదివి, చదివినదానిని సంతలోను గుడిసెలలోను సరిచూచుకొనుచు పోయినారు.

రెండవ అడ్డంకి మరింత విచిత్రమైనది. తెలుగుగాని, ఇంగ్లీషుగాని, ఉర్దూగాని తెలిసినవాడు కర్త, కర్మ, క్రియ అని మూడు మాటలను విడివిడిగా ఊహించును. సవర భాషలో నామము పొట్టిదై క్రియ కడుపులో దూరిపోవును. చేయి అను మాట విడిగా నున్నప్పుడు పైన చెప్పినట్లు గొంతు తెగు రూపము. క్రియలో చేరినప్పుడు ఉత్త సి మిగులును. గేదెను విడిగా చెప్పునప్పుడు బొంగ్‌తెల్, తినుటతో చేరినప్పుడు బొంగ్ మాత్రమే. జొమ్ అనగా తినుట. ఈ రెండును కలిసిపోయి గేదెమాంసము తినుట అను ఒక్క క్రియ ఏర్పడును. పులి నిన్ను పట్టును అని మనము మూడు మాటలలో చెప్పుదానిని సవర ఒక్క మాటలో చెప్పును. పట్టుటకు ఞమ్, పులికి కిడ్, జరుగబోవు కాలమునకు త్, నిన్ను అనుటకు అమ్. అన్నియు కలిసి ఞమ్‌కిడ్తమ్. ఇందులో పులి కర్త యని గమనింపవలెను. కర్మ క్రియలో కలియుట ఇతర భాషలలోను కలదు. కర్త ఇట్లు కలియుట ప్రపంచ భాషలలోనే అరుదని శాస్త్రజ్ఞులు తరువాత ఆశ్చర్యపడినారు. అడవి దారిలో ముందు నడుచువాడు వెనుకవానికి హెచ్చరిక చేయునప్పుడు ఇంతకన్న పొదుపైన భాష వేరొకటి కావలెనా?

సవర ద్రావిడ భాష కాదు, ఆర్యభాషయు కాదు. సంతాలీ, ముండారీ భాషలతో కూడిన ముండా కుటుంబమునకు చెందినది. దూరపు చుట్టరికము బర్మాలోని మోన్ భాషతోను, కంబోడియాలోని ఖ్మేర్ భాషతోను కలదు. అనగా సీతంపేట సంతలో వినబడు మాటకు సముద్రము కావలి దేశములలో దాయాదులున్నారన్న మాట.

మూడవది లెక్క. అబోయ్, బాగు, యాగి అని ఒకటి, రెండు, మూడుగా బయలుదేరిన సవర లెక్క పదివద్ద ఆగదు. పదకొండుకు వేరు పేరు, పండ్రెండుకు వేరు పేరు. పదమూడు వచ్చినప్పుడు పండ్రెండున్ను ఒకటి యందురు. అట్లు ఇరువది వరకు సాగి, అక్కడనుండి ఇరువదులుగా లెక్కింతురు. ముప్పది మూడు అనవలెనన్న ఇరువది, పండ్రెండు, ఒకటి. ఇంగ్లీషు వర్ణక్రమమున థర్టీన్ అను మాట వచ్చినప్పుడు కోశకారుడు ఒక్క మాటను మాత్రము అనువదించుట లేదు. పది వ్రేళ్ళ లెక్కనుండి మరియొక లెక్కలోనికి దాటుచున్నాడు. ఇది తెలియని ఉపాధ్యాయుడు కొండపిల్లవానికి లెక్కలు రావని బెత్తము తీసికొనును. తప్పు ఎవరిదని చెప్పవలెను?

ఈ శ్రమ ముప్పది అయిదు సంవత్సరములు సాగి ఫలించినది. 1931 లో సవర భాషా వ్యాకరణము ఇంగ్లీషులో వెలువడినది. 1933 లో ఇంగ్లీషు–సవర కోశము, 1938 లో సవర–ఇంగ్లీషు కోశము మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమువారు ప్రకటించినారు. అప్పటికి పంతులుగారి వయస్సు డెబ్బది అయిదు. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లీషు మాటలను మన ఉర్దూలోనికి తెచ్చు పని హైదరాబాదు రాజ్యములో మహావైభవముగా సాగుచుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు 1917 లో దారుల్ తర్జుమా ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబు మొదలగు ఉద్దండ పండితులు కూర్చుండి, ఒక్కొక్క శాస్త్రపదమునకు అరబ్బీ, ఫారసీ, హిందీ మూలములు వెదకి, తర్కించి నిర్ణయించినారు. నిజాము ఖజానా వారి వెనుక నుండెను. ఇక్కడ పర్లాకిమిడిలో సభ లేదు, ఖజానా లేదు. ఒక్క మేష్టరు, ఆయన కుమారుడు సీతాపతిగారు, సంతకు వచ్చు సవరలు. రెండు పనులును గొప్పవే. కాని దారుల్ తర్జుమావారు లేని మాటలను నిర్మించినారు. పంతులుగారు ఉన్న మాటలను విన్నారు. వినుటయే ఎక్కువ కష్టమని మాకు తోచుచున్నది.

ఆయన కోశములతో ఆగలేదు. సవరలో వాచకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినారు. 1911 లో ప్రభుత్వము ఆ పుస్తకములను అచ్చు వేయించి ప్రతిఫలమీయబోగా, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టుడని తిరిగి యిచ్చివేసినారు. 1913 లో రావుబహదూరు బిరుదము, తరువాతి కాలమున కైజర్–ఇ–హింద్ పతకము వచ్చినవి.

బిరుదములకు ముందే మరియొకటి వచ్చినది. కొండలలో తిరిగినవారిని మన్యపు జ్వరము విడువదు. మలేరియాకు ఆ రోజులలో క్వినైను తప్ప మందు లేదు. ఆ మందు మితిమీరినచో చెవులను తినివేయును. పంతులుగారికి చెవుడు వచ్చినది, జీవితాంతము నిలిచిపోయినది. ఊపిరి తెగు ధ్వనికిని తెగని ధ్వనికిని భేదము పట్టుటకు తన చెవిని ఆయుధముగా సానబెట్టుకొన్నవాడు, ఆ చెవినే ఆ పనిలో పోగొట్టుకొన్నాడు. ఆయన ఫిర్యాదు చేసినట్లు మేమెచ్చటను చదువలేదు. విన్నంతవరకు వ్రాసియుంచినది చేతనున్నది, ఇక దానిని సరిచూచి కూర్చవలెను అన్నట్లు పని సాగించినారు.

తెలుగు వారందరికి తెలిసిన కథ ఇక్కడనుండి మొదలగును. 1907 ప్రాంతమున యేట్సు అను దొర ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చి, పిల్లలు నేర్చు తెలుగునకును జనులు మాటలాడు తెలుగునకును ఇంత దూరమెందుకని ప్రశ్నించినాడు. పంతులుగారు, గురజాడవారు, విశాఖపట్టణపు కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను అందుకొన్నారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికమును కాపాడుటకు నిలిచినారు. 1911 లో ఉద్యోగము విరమించిన పంతులుగారు పూర్తికాలము ఈ యుద్ధములోనికి దిగినారు. బాలకవి శరణ్యము, గద్యచింతామణి మొదలగు రచనలు, 1919 లో తెలుగు అను పత్రిక, ఊరూర ఉపన్యాసములు. ఎదుటివారు వ్రాసిన గ్రాంథికములోనే తప్పులను ఏరి చూపుచు, పూర్వపు వచన రచయితలు వాడుక మాటలనే వాడినారని ప్రమాణములు గుప్పించినారు. 1919 లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు కందుకూరి వీరేశలింగం పంతులుగారే అధ్యక్షులగుట ఆ వాదము యొక్క బలమునకు గుర్తు.

పంతులుగారికి ఈ ధైర్యమెక్కడిది? యేట్సు దొర ఇచ్చినది కాదు. అప్పటికి ఇరువది యేండ్లకు దగ్గరగా ఆయన వ్యాకరణ గ్రంథమే లేని భాషతో కాపురము చేసియుండెను. పుస్తకము లేకున్నను ఆ భాషలో సవరలు తప్పు మాటలాడుట లేదు. వారి పిల్లలు తప్పు పలికినచో తల్లి దిద్దుచున్నది. కనుక నియమము తాటాకులలో కాక నోటిలో నున్నదని ఆయన కన్నులార చూచినారు. ఆ కన్నుతో తిరిగి తన తెలుగును చూడగా, పండితులు తప్పనుచున్నదంతయు నియమముతోనే నడచుచున్నట్లు కనబడినది. పరాయి భాషలోనికి పోయినవాడే తన భాషకు కొత్త చుట్టమై తిరిగి వచ్చును.

ఈ సంగతి మన కళాశాలకు మిక్కిలి దగ్గరిది. మన యిండ్లలో మాటలాడు ఉర్దూ పుస్తకములలోని ఉర్దూ కాదు. నక్కో అనినచో లక్నో వారు నవ్వుదురని మన పిల్లలు నోరు మూసికొందురు. తెలుగు తరగతిలో శ్రీకాకుళపు యాస వినబడిన చోట కూడ ఇదే సిగ్గు. రెండువైపుల సిగ్గుపడుచు రెండు భాషలలోను మూగలగు విద్యార్థులను మేము ప్రతి యేడు చూచుచున్నాము. (ఇట్లు చెప్పుచు మేము ఈ వ్యాసమును కొంత గ్రంథపు భాషలోనే వ్రాయుట పంతులుగారు చూచినచో మా తప్పులను కూడ ఏరి చూపియుందురు. సంచిక సంప్రదాయమునకు లోబడితిమని మనవి.)

వృద్ధాప్యములో ఆయనకు మరియొక దెబ్బ తగిలినది. 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారి పక్షమున ఆయన వాదించినారు గాని ఫలించలేదు. అర్ధశతాబ్దికి మించి కాపురమున్న ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరిలో మద్రాసు వెళ్ళి పత్రికా సంపాదకులను కలిసి, ఇక ఈ పని మీదేనని అప్పగించినారు. ఆ నెల 22 వ తేదీన కన్ను మూసినారు.

ఆ వ్యాకరణము మాత్రము సముద్రములు దాటినది. అమెరికాలో స్టాన్లీ స్టారోస్టా అను పండితుడు 1967 లో సవర వాక్యనిర్మాణము మీద పరిశోధన సమర్పించినాడు. నేటికిని ముండా భాషలను గురించి వ్రాయువారు రామమూర్తి 1931 అని పేర్కొనక ముందుకు సాగరు. సవరలలోనే మంగై గొమాంగో అనువారు 1936 లో తమ భాషకు సొంత లిపిని, సొరంగ్ సొంపెంగ్ అను పేరిట, కల్పించినారు. 2011 జనాభా లెక్కలలో సవర తమ మాతృభాష యని చెప్పినవారు నాలుగు లక్షలకు పైగా కలరు.

గడచిన సంవత్సరము రైస్ పరీక్ష నాడు వెనుక బల్లమీద ఒక సవర విద్యార్థి యుండెను. వాని ఊరు 2022 లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో సీతంపేట ప్రక్కన. మీ భాషలో లెక్క చెప్పుమని అడిగితిమి. ఏడు వరకు చెప్పి ఆగి, తల వంచుకొని, ఎనిమిది, తొమ్మిది అని తెలుగులో ముగించినాడు. తరగతిలో ఎవరో నవ్విరి. వారము దినముల తరువాత వాడు మా గది తలుపు వద్ద నిలిచి, ఫోనులో తన అవ్వను అడిగి వ్రాసికొన్న కాగితమును చూపినాడు. పండ్రెండు, పండ్రెండున్ను ఒకటి, పండ్రెండున్ను రెండు. క్రింద శరీరావయవముల పేర్లు కూడ వ్రాసినాడు గాని చేయి అను మాట వద్ద కలము ఆగిపోయినదట. గొంతు తెగునది ఎట్లు వ్రాయవలెనో తెలియలేదన్నాడు. అప్పుడు మా గదిలోనున్న ఉర్దూ విభాగపు బాలుడొకడు కలము తీసికొని, సి కిని ఇ కిని నడుమ చిన్న హమ్జా పెట్టి, చదువుమన్నాడు. వాడు చదివినాడు. మేము ముగ్గురము రెండు మూడుసార్లు పలికి చూచితిమి. మా ఇద్దరి నోట అది సరిగా రాలేదు.